తాడు పట్టి లాగితే విమానం లేస్తుందా? గ్లైడర్ లాంచింగ్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గ్లైడరు, అంటే సాధారణంగా ఇంజను లేకుండా ఎగిరే విమానం, గాల్లో తేలడం గురించి చాలామందికి ఎంతో కొంత తెలుసు. అసలు నేల మీది నుంచి అంత ఎత్తుకు ఎలా చేరుతుందనే దాని మీదే ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: గ్లైడరును గాలిపటంలా తాడు కట్టి ఎగరేస్తారని విన్నాను. నిజమేనా? వేరే మార్గాలు లేవా?

చాలావరకు నిజమే. అయితే గాలిపటానికి వీచే గాలి చాలు, దారం పట్టుకున్న మనిషి నిలబడి ఉన్నా ఎగురుతుంది. ఇద్దరు కూర్చున్న గ్లైడరు బరువు 500 నుంచి 600 కిలోలు. దానికి వీచే గాలి చాలదు. అందుకని తాడును వేగంగా లాగి, రెక్కల మీదుగా గంటకు వంద కిలోమీటర్ల గాలిని మనమే పుట్టించాలి.

ఆ లాగే పని నేల మీద స్థిరంగా ఉన్న యంత్రం చేస్తే వించ్ లాంచ్. ఇంజను ఉన్న విమానం తన వెనక కట్టుకుని తీసుకెళితే ఏరోటో. కారు లాగితే ఆటో టో. కొండ అంచున మనుషులు రబ్బరు తాడు సాగదీసి వదిలితే బంగీ. గ్లైడరులోనే చిన్న ఇంజను ఉండి తనంతట తనే లేస్తే సెల్ఫ్ లాంచ్. ప్రపంచంలో ఎక్కువ లాంచ్‌లు మొదటి రెండు పద్ధతుల్లోనే జరుగుతాయి కాబట్టి జవాబుల్లోనూ వాటికే ఎక్కువ చోటిచ్చాం.

లాగడం ఎలా జరిగినా, సమయానికి వదిలించుకోగలగడమే లాంచ్‌లో అసలు విద్య. కాక్‌పిట్‌లో పసుపు రంగు పిడి ఒకటి ఉంటుంది. దాన్ని లాగితే కొక్కెం తెరుచుకుని తాడు ఊడిపోతుంది. లాంచ్ మొదలైన క్షణం నుంచి పైలట్ ఎడమ చెయ్యి దాని మీద గానీ, దానికి ఆనుకుని గానీ ఉండాలి. కింది జవాబులన్నిటిలో ఆ పిడి మళ్లీ మళ్లీ వస్తుంది.

ప్రశ్న: వించ్‌లో ఏమేం భాగాలుంటాయి? కిలోమీటరు తాడుతో ఎంత ఎత్తుకు పోవచ్చు?

వించ్ అంటే పెద్ద ఇంజను, దానికి బిగించిన కేబుల్ డ్రమ్ము, డ్రైవరు కూర్చునే క్యాబిన్. డ్రమ్ములు రెండుంటే ఒకదాని తర్వాత ఒకటిగా రెండు గ్లైడర్లను పంపవచ్చు. అంతకన్నా ఎక్కువ డ్రమ్ములున్న వించ్‌లూ ఉన్నాయి. క్యాబిన్ చుట్టూ బలమైన ఇనుప జాలీ ఉంటుంది, ఎందుకంటే తెగిన కేబుల్ కొరడాలా వెనక్కి కొడుతుంది. కేబుల్‌ను అక్కడికక్కడే నరికే కత్తెర కూడా తప్పనిసరి. దాన్ని గిలటిన్ అంటారు.

ఇంజను ఎంత పెద్దది కావాలో లెక్క వేసి చూడండి. 600 కిలోల గ్లైడరు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో 45 డిగ్రీల వాలులో ఎక్కుతుంటే, సెకనుకు దాదాపు 20 మీటర్లు పైకి పోతున్నట్టు. కేవలం బరువును ఎత్తడానికే సుమారు 118 కిలోవాట్లు, అంటే 160 హార్స్‌పవర్ కావాలి. గాలి నిరోధం, డ్రమ్ములో నష్టం కలిపితే 200 దాటుతుంది. అందుకే పాత ట్రక్కుల ఇంజన్లు, పెద్ద వి8 ఇంజన్లు వించ్‌లలో కనిపిస్తాయి. ఈ మధ్య కరెంటు మోటార్లతో నడిచేవీ వచ్చాయి. పని అర నిమిషం, ముప్పావు నిమిషంలో అయిపోతుంది కనుక మొత్తం ఖర్చయ్యే శక్తి మాత్రం చాలా తక్కువ. 600 కిలోలను 400 మీటర్లు ఎత్తడానికి కావలసింది లెక్క ప్రకారం 0.65 యూనిట్ల కరెంటు. నష్టాలు కలుపుకున్నా అది చిన్న అంకే.

వించ్ నుంచి గ్లైడరు వైపు వస్తే ముందు ప్రధాన కేబుల్, తర్వాత చిన్న పారాచూట్, ఆ తర్వాత కొన్ని మీటర్ల పొడవున్న స్ట్రాప్, లాగుడు మితిమీరితే తెగిపోయే వీక్ లింక్, చివరన ఉక్కు రింగుల జత. వరుస కొన్నిచోట్ల కాస్త మారుతుంది. స్ట్రాప్ మీద గట్టి గొట్టం తొడుగుతారు. లేకపోతే అది మెత్తగా వంగి చక్రానికి చుట్టుకుంటుంది. లాంచ్ సాగుతున్నంతసేపూ బిగువుకు పారాచూట్ ముడుచుకునే ఉంటుంది. పైలట్ కేబుల్ వదిలాక విచ్చుకుని, కేబుల్ దబ్బున పడి చిక్కులు పడకుండా మెల్లగా దించుతుంది. అది నేలను తాకేలోపే వించ్ డ్రైవరు కేబుల్‌ను చుట్టేస్తూ ఉండాలి. లేదంటే గాలికి కొట్టుకుపోయి మైదానం బయట పడుతుంది.

కేబుల్ రెండు రకాలు. నాలుగైదు మిల్లీమీటర్ల ఉక్కు కేబుల్ వెయ్యి మీటర్లు 70–80 కిలోలు తూగుతుంది. అదే పని చేసే సింథటిక్ తాడు 15 కిలోల చుట్టూ ఉంటుంది. గ్లైడరు పైకి పోయేకొద్దీ కేబుల్ బరువూ మోయాలి కాబట్టి సింథటిక్‌తో ఎత్తు కొంచెం ఎక్కువ వస్తుంది, చేత్తో లాగి అమర్చడం తేలిక, తెగినా ఉక్కంత ప్రమాదం కాదు. కానీ ఇది వేడికి, ఒరిపిడికి ఆగదు. కంకర మీదా సిమెంటు రన్‌వే మీదా ఈడిస్తే త్వరగా పీచులు లేస్తుంది. గరుకు నేల మీద ఉక్కే మేలు.

ఎత్తు సంగతి. గాలి లేని రోజున కేబుల్ పొడవులో 35 నుంచి 40 శాతం వరకు వస్తుంది. ఎదురుగాలి బాగా ఉంటే సగం దాకా పోవచ్చు. వెయ్యి మీటర్ల కేబుల్‌కు 350–450 మీటర్లు అనుకోండి.

ప్రశ్న: నేల మీది నుంచి ఒక్కసారిగా నిట్టనిలువుగా లేచినట్టు కనిపిస్తుంది. ఆ కొద్ది సెకన్లలో పైలట్ ఏం చేస్తాడు?

ఎక్కువ పని అంతకుముందే అయిపోతుంది. కేబుల్ తగిలించకముందే కాక్‌పిట్ తనిఖీ పూర్తి కావాలి. గ్లైడరును నడిపే కర్ర (స్టిక్), ముక్కును పక్కకు తిప్పే తోక పలక (రడ్డర్) పూర్తిగా కదులుతున్నాయా, పైలట్ బరువు కనీస పరిమితికి తగ్గకుండా ఉందా, బెల్టులు బిగించారా, మీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయా, స్టిక్ మీద ఒత్తిడిని సరిచేసే ట్రిమ్ ఎక్కడుంది, కాక్‌పిట్ మీది పారదర్శక మూత (కనోపీ) గొళ్లెం పడిందా, రెక్కల మీద లేచి గ్లైడరును కిందికి దించే ఎయిర్‌బ్రేకులు మూసి తాళం పడ్డాయా. చివరిది అన్నిటికన్నా ముఖ్యం: ఈ గాలికి, ఈ మైదానంలో, ఏ ఎత్తులో కేబుల్ తెగితే ఎక్కడ దిగాలి? దానికి జవాబు నేల మీదే తేల్చుకోవాలి. బరువు తక్కువున్న పైలట్‌కు సీటులో సీసం దిమ్మలు బిగిస్తారు. అవి మరిచిపోతే ముక్కు తేలికై, లాంచ్‌లో గ్లైడరు తనంతట తనే తల ఎత్తేస్తుంది.

కేబుల్‌ను పొట్ట కింది కొక్కేనికి తగిలిస్తారు. ముక్కు దగ్గరి కొక్కెం ఏరోటోకు. వించ్‌కు దాన్ని వాడితే కేబుల్ ముక్కును కిందికి లాగుతూ ఉంటుంది, ఎత్తు రాదు.

తర్వాత సంకేతాలు. బ్రిటన్ పద్ధతిలో చెయ్యి నడుము కింద అటూ ఇటూ ఊపితే 'వదులు లాగు' (వదులుగా ఉన్న కేబుల్ బిగిసేదాకా మెల్లగా లాగు), తల మీదుగా ఊపితే 'పూర్తి శక్తి', రెండు చేతులూ పైకెత్తితే 'ఆపు'. దూరంగా ఉన్న వించ్‌కు దీపంతో చెప్పేటప్పుడు నిదానంగా వెలిగిస్తే మొదటిది, గబగబా మినుకుమంటే రెండోది, ఆరకుండా వెలిగితే ఆపు. రేడియో వాడేచోట నోటితో చెబుతారు. వదులు లాగేటప్పుడు గ్లైడరు ఒక్క కుదుపుతో ముందుకు ఉరికి కేబుల్ మీదికి గానీ పారాచూట్ మీదికి గానీ పోతే, మరో ఆలోచన లేదు. పసుపు పిడి లాగాలి.

పూర్తి శక్తి అందాక రెండు మూడు సెకన్లలో చక్రం నేలను వదులుతుంది. అసలు జాగ్రత్త ఇక్కడ. కేబుల్ పొట్ట కింద నుంచి లాగుతోంది, గ్లైడరు గరిమనాభి దానికి పైన ఉంది. దాంతో ముక్కు దానంతటదే లేవాలని చూస్తుంది. వేగం చాలకముందే దాన్ని లేవనిస్తే రెక్క స్టాల్ అవుతుంది, అంటే గాలి మీద పట్టు కోల్పోయి గ్లైడరును మోయలేకపోతుంది. ఒక రెక్క ముందు స్టాల్ అయితే గ్లైడరు ఆ వైపు తిరగబడి నేలకు కొట్టుకుంటుంది. మనిషి తేరుకోవడానికి ఎత్తూ ఉండదు, సమయమూ ఉండదు. వించ్ ప్రమాదాల్లో ప్రాణాలు తీసేవాటిలో ఇదొకటి.

కాబట్టి నేల వదిలాక ముందు వేగం పెరుగుతోందని చూసుకోవాలి. ఆ తర్వాత సెకనుకు 10 డిగ్రీలకు మించకుండా ముక్కు లేపాలి. పూర్తి వాలుకు చేరడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. బయటి నుంచి చూసేవాళ్లకు 'ఒక్కసారిగా' అనిపించేది ఇదే.

ఎక్కేటప్పుడు రెక్క మోసేది గ్లైడరు బరువొక్కటే కాదు, కేబుల్ లాగుడు కూడా. రెక్క మీద భారం రెట్టింపైతే స్టాల్ వేగం 1.41 రెట్లు అవుతుంది. మామూలుగా గంటకు 65 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అయ్యే గ్లైడరు అప్పుడు 92 దగ్గరే స్టాల్ అవుతుందన్నమాట. అందుకని ఎక్కుతున్నంతసేపూ మామూలు స్టాల్ వేగానికి ఒకటిన్నర రెట్లు తగ్గకూడదని నేర్పుతారు. పైన కూడా హద్దుంది. శిక్షణలో ఎక్కువగా వాడే ఏఎస్‌కే 21 గ్లైడరుకు వించ్ మీద గరిష్ఠ వేగం గంటకు 150 కిలోమీటర్లు. సుమారు 100కూ 150కీ మధ్య ఉన్న ఆ సందులోనే లాంచ్ అంతా సాగాలి. వేగం మితిమీరుతుంటే రడ్డర్‌తో ముక్కును అటూ ఇటూ ఆడించడం డ్రైవరుకు సైగ. తగ్గిపోతుంటే సైగలతో కాలయాపన వద్దు. ముక్కు దించి, వేగం తిరిగి రాకపోతే కేబుల్ వదిలి దిగాలి.

పైకి పోయేకొద్దీ గ్లైడరు చాపంలా వంగుతూ వించ్ నెత్తి మీదికి వస్తుంది. కేబుల్ చుట్టవలసిన వేగం తగ్గుతూ పోతుంది, డ్రైవరు కూడా శక్తి తగ్గిస్తూ వస్తాడు. చివర్లో కేబుల్ దాదాపు నిలువుగా కిందికి లాగుతుంటుంది. ముక్కు కాస్త దించి బిగువు తగ్గించి, పసుపు పిడిని రెండుసార్లు లాగాలి. బిగువు మీద వదిలితే కేబుల్ ఎగిరిపడి చిక్కులు పడుతుంది.

ప్రశ్న: ఆ ఏటవాలులో ఉండగా కేబుల్ తెగితే?

తెగుతుంది. ప్రతి లాంచ్‌కూ కేబుల్ తెగుతుందనుకునే సిద్ధపడాలి. ఒంటరిగా ఎగరనిచ్చే ముందు శిక్షకులు కావాలనే వేర్వేరు ఎత్తుల్లో కేబుల్ వదిలేసి విద్యార్థి ఏం చేస్తాడో చూస్తారు.

45 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు లాగే శక్తి పోతే, భూమ్యాకర్షణ ఒక్కటే ప్రతి సెకనుకూ గంటకు దాదాపు 25 కిలోమీటర్ల చొప్పున వేగాన్ని తినేస్తుంది. 100 మీద ఉన్న గ్లైడరు ఒక సెకను ఆలస్యానికి 75కు, రెండో సెకనుకు 50కి వస్తుంది. కాబట్టి 'ఏమైంది?' అని ఆలోచించే వ్యవధి లేదు. పెద్ద చప్పుడు వినిపించినా, లాగుడు ఆగినట్టు అనిపించినా స్టిక్ ముందుకు తోసి, ముక్కును మామూలు ల్యాండింగ్ వాలుకన్నా కాస్త కిందికే దించాలి. ఆ తర్వాత పసుపు పిడి లాగి మిగిలిన కేబుల్ ముక్కను పడేయాలి.

ఇప్పుడొచ్చే పొరపాటు చాలా మామూలుది, చాలా ప్రమాదకరమైనది. ముక్కు కిందికి దిగింది కాబట్టి వేగం వచ్చేసిందని చెయ్యి నమ్ముతుంది. రాలేదు. ముక్కు దిగిన కొన్ని సెకన్ల తర్వాతగానీ వేగం రాదు. స్టిక్ ముందుకు తోస్తున్నంతసేపు రెక్క మీద భారం తక్కువ కనుక తక్కువ వేగంలోనూ స్టాల్ కాదు. కానీ ఆ స్థితిలోనే మలుపు తిప్పినా, స్టిక్ వెనక్కి లాగినా, ఎయిర్‌బ్రేకులు తెరిచినా అది స్టాల్‌కో, గిరగిరా తిరుగుతూ పడిపోయే స్పిన్‌కో దారి తీస్తుంది. వేగం మీటరులో ల్యాండింగ్ వేగం కంటికి కనపడేదాకా రెక్కలు సమంగా పట్టుకుని ఆగాలి.

ఆ తర్వాతే నిర్ణయం. ఎదురుగా మైదానం మిగిలి ఉంటే నేరుగా దిగడమే ఎప్పుడూ మొదటి ఎంపిక. నేరుగా దిగడానికి చోటు చాలనంత ఎత్తులో ఉంటే చిన్న చుట్టు తిరిగి రావాలి. ఏ వైపు తిరగాలో గాలిని బట్టి లాంచ్‌కు ముందే అనుకుని ఉంటారు.

ప్రశ్న: రెక్క చివర పట్టుకుని ఒక మనిషి పరుగెత్తుతాడు. అతను లేకపోతే ఏమవుతుంది?

గ్లైడరుకు పొట్ట కింద ఒకే ప్రధాన చక్రం. వేగం లేనప్పుడు ఏదో ఒక రెక్క నేలకు వాలుతుంది. వేగం రాకముందు రెక్కలను సమంగా ఉంచే కదిలే పలకలు (ఐలరాన్లు) పనిచేయవు కాబట్టి ఆ మొదటి కొన్ని అడుగులు మనిషే పట్టుకోవాలి. అతను రెక్కను వెనక్కి పట్టకూడదు, ముందుకు తోయకూడదు, సమంగా ఉంచి తనతో పాటు పరుగెత్తి వదిలేయాలి. పక్కగాలి ఉంటే గాలి వచ్చే వైపు రెక్క రవ్వంత దిగి ఉండాలి.

రెక్క చివర గడ్డికి తగిలితే అక్కడ బ్రేకు వేసినట్టే. గ్లైడరు ఆ వైపు తిరుగుతుంది, రెండో రెక్క వేగం పుంజుకుని లేస్తుంది, వించ్ ఇంకా లాగుతూనే ఉంటుంది, మొత్తం బోర్లా తిరగబడుతుంది. ఇదంతా రెండు మూడు సెకన్లలో. కాబట్టి నియమం మొండిగా ఉంటుంది: రెక్క సమంగా ఉంచలేకపోతున్నానని అనిపిస్తే, అది నేలను తాకకముందే పసుపు పిడి లాగాలి. తాకాక లాగితే ఆలస్యమైనట్టే. 'ఇంకొంచెం ఉంటే సరిపోయేది' అనే ఆశకు ఇక్కడ చోటు లేదు.

ప్రశ్న: వీక్ లింక్ అంటే బలహీనమైన లింకు కదా. కావాలనే బలహీనమైనది ఎందుకు పెడతారు?

కేబుల్ గ్లైడరు కన్నా బలమైనది కాబట్టి. సుడిగాలి దెబ్బకో, డ్రైవరు అతి చేసినందుకో లాగుడు హద్దు దాటితే రెక్క విరగకముందే ఏదో ఒకటి తెగాలి. ఆ తెగేదాన్ని మనమే ఎంచి పెడతాం. కొలిచి చేసిన రంధ్రాలున్న చిన్న ఉక్కు పట్టీ అది. టోస్ట్ అనే జర్మన్ కంపెనీ పట్టీలు ఎక్కువ దేశాల్లో వాడతారు. తెగే బలం డెకాన్యూటన్లలో ఇలా ఉంటుంది: నలుపు 1000, గోధుమ రంగు 850, ఎరుపు 750, నీలం 600, తెలుపు 500, పసుపు 400, ఆకుపచ్చ 300. ఒక డెకాన్యూటన్ దాదాపు ఒక కిలో బరువుతో సమానం.

ఏ గ్లైడరుకు ఏ రంగో దాని హ్యాండ్‌బుక్‌లోనూ, చాలావాటికి కాక్‌పిట్‌లోని పట్టీ మీదా రాసి ఉంటుంది. బరువైన రెండు సీట్ల గ్లైడరుకు పెట్టిన నల్ల లింకుతోనే తర్వాత తేలికైన ఒంటి సీటు గ్లైడరును పంపడం తరచూ జరిగే తప్పు. ఉక్కు తొడుగులో రెండు పట్టీలు పెట్టే ఏర్పాటు కూడా ఉంది. గుండ్రటి రంధ్రాలున్నది బరువు మోస్తుంది, కోల రంధ్రాలున్నది దానికి తోడు. మొదటిది తెగినప్పుడే రెండోదాని మీద భారం పడుతుంది. రోజూ లింకును చేత్తో పట్టి చూడాలి. రంధ్రం సాగినా, అంచున చీలిక కనిపించినా పారేయాలి. దాన్ని దాచుకోవడంలో పొదుపు లేదు.

ప్రశ్న: విమానం వెనక కట్టుకుని పోవడం ఇంతకన్నా సురక్షితం కదా? నెమ్మదిగా పోతుంది.

నెమ్మదిగా పోతుందన్నది నిజం. సురక్షితమా అంటే, ప్రమాదం ఇద్దరు పైలట్ల మధ్య పంచుకోబడుతుంది.

1927లో జర్మనీలో గెర్హార్డ్ ఫీజెలర్ నడిపిన విమానం వెనక గాట్‌లోబ్ ఎస్పెన్‌లాబ్ గ్లైడరు ఎగిరింది. పద్ధతి అప్పటిదే. లాగే విమానాన్ని టగ్ అంటారు. 235 హార్స్‌పవర్ పైపర్ పానీ, 180 హార్స్‌పవర్ రోబిన్ డీఆర్400 బాగా వాడుకలో ఉన్నవి. తాడు మామూలుగా 40 నుంచి 60 మీటర్లు. పొట్టిదైతే గ్లైడరు చిన్న కదలిక కూడా టగ్‌ను కుదుపుతుంది. దీనికీ వీక్ లింక్ ఉంటుంది. అమెరికా నిబంధన ప్రకారం తాడు తెగే బలం గ్లైడరు గరిష్ఠ బరువులో 80 శాతానికి తగ్గకూడదు, రెండు రెట్లకు మించకూడదు.

గ్లైడరు టగ్ కన్నా ముందే నేల వదులుతుంది. అప్పుడు రెండు మీటర్ల ఎత్తులో ఉండిపోయి టగ్ లేచేదాకా ఆగాలి. ఆ తర్వాత టగ్ వెనక దాని ప్రొపెల్లరు గాలికి కాస్త పైన నిలబడాలి. ఆస్ట్రేలియాలో మాత్రం కింద నిలబడే పద్ధతి వాడుక. గంటకు 100–120 కిలోమీటర్ల వేగంతో, 600 మీటర్లకు చేరడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. వదిలేముందు చుట్టూ చూడాలి, పిడి లాగాక తాడు నిజంగా పోయిందని కంటితో చూసి మలుపు తిప్పాలి. ఎటు తిరగాలన్నది ఆ మైదానం నియమం.

అన్నిటికన్నా భయపడవలసింది గ్లైడరు ఎగదన్నడం. గ్లైడరు పైకి దూకితే తాడు టగ్ తోకను పైకి లేపుతుంది, టగ్ ముక్కు నేల వైపు తిరుగుతుంది. రెండు మూడు సెకన్లలో టగ్ పైలట్ చేతిలోంచి అంతా జారిపోతుంది. తక్కువ ఎత్తులో అయితే టగ్ కోలుకోదు. తేలికైన పైలట్, వెనక్కి జరిగిన గరిమనాభి, ముక్కు కొక్కెం కాకుండా పొట్ట కొక్కెం, పొట్టి తాడు, కుదుపుల గాలి ఇవన్నీ దీనికి దోహదం చేస్తాయి. వీటన్నిటికీ మించి, కనోపీ తెరుచుకుందనో మరోటో కిందికి చూస్తూ ఉండిపోయిన గ్లైడర్ పైలట్. టగ్ కనపడకుండా పోయిందంటే వెతకకూడదు. పసుపు పిడి లాగాలి. ఎత్తు చాలకపోతే పొలంలో దిగవచ్చు, గ్లైడరు అందుకే పుట్టింది.

తాడు వదులై విల్లులా వంగడం ఇంకో ఇబ్బంది. గ్లైడరు మలుపులో లోపలికి పోయినా, పై నుంచి కిందికి జారి వేగం పుంజుకున్నా ఇది వస్తుంది. వదులును చూసి కంగారుపడి వెనక్కి లాగితే అది ఒక్కసారిగా బిగిసి వీక్ లింక్ తెంపుతుంది. రడ్డర్‌తో ముక్కును కొద్దిగా పక్కకు తిప్పి, బిగుసుకునే సమయానికి మళ్లీ నేరుగా తేవాలి.

మాట్లాడుకోవడానికి రేడియో ఉన్నా సైగలు గుర్తుండాలి. టగ్ రెక్కలు ఊపితే 'వెంటనే వదిలెయ్' అని అర్థం, కారణం అడిగే పని లేదు. రడ్డర్ మాత్రం ఆడిస్తే 'నీ ఎయిర్‌బ్రేకులు చూసుకో' అని. తాళం పడని ఎయిర్‌బ్రేకులు గాలి పీల్చుకుని తెరుచుకోవడం, టగ్ ఎంత లాగినా ఎక్కకపోవడం పాత కథే. ఈ రెండు సైగలను తారుమారు చేసుకుని, బాగా ఎక్కలేని స్థితిలో చెట్ల మీద తాడు వదిలేసినవాళ్లున్నారు.

ప్రశ్న: పిడి లాగినా తాడు ఊడకపోతే?

ఏరోటోలో అయితే టగ్‌కు కనపడేలా ఎడమ పక్కకు జరిగి రెక్కలు ఊపుతారు. టగ్ మైదానం మీదికి తెచ్చి తన వైపు తాడు వదిలేస్తుంది. గ్లైడరు వేలాడే తాడుతో, కంచెలూ చెట్లూ తప్పించుకుంటూ కాస్త ఎత్తుగా వచ్చి దిగాలి. రెండు వైపులా కొక్కేలు మొరాయించడం చాలా అరుదు. అప్పుడు తాడుతోనే కలిసి నెమ్మదిగా దిగాలి.

వించ్‌లో రక్షణ రెండంచెల్లో ఉంది. కేబుల్ వెనక్కి లాగే కోణం దాటగానే పొట్ట కొక్కెం దానంతటదే తెరుచుకుంటుంది. గ్లైడరు వించ్‌ను దాటిపోతే చాలు. అదీ జరగకపోతే డ్రైవరు గిలటిన్‌తో కేబుల్ నరుకుతాడు. ఈ ఆటోమేటిక్ కొక్కెం బురద, ఇసుక పట్టి బిగుసుకోవచ్చు. అందుకే రోజూ మొదటి లాంచ్‌కు ముందు రింగు తగిలించి, వెనక్కి లాగి, దానంతటదే ఊడుతోందా అని చూస్తారు. పిడితోనూ వదిలి చూస్తారు. ఒకటి పనిచేస్తే రెండోది పనిచేసినట్టు కాదు.

ప్రశ్న: పాత ఫోటోల్లో కొండ మీద మనుషులు తాడు లాగుతుంటారు. ఇప్పటికీ అలా చేస్తారా?

చేస్తారు, కొద్దిచోట్ల. 1920లో జర్మనీలోని వాసర్‌కుప్పె కొండ మీద గ్లైడర్ పోటీలు మొదలయ్యాక కొన్నేళ్లపాటు అదే ప్రధాన పద్ధతి. ఇంగ్లండ్‌లో లాంగ్ మిండ్ కొండ మీద ఇప్పటికీ చూడవచ్చు. మధ్యలో రింగు ఉన్న రబ్బరు తాడును తెరిచి ఉండే కొక్కేనికి తగిలించి, రెండు కొసలనూ రెండు జట్లు వి ఆకారంలో పట్టుకుంటాయి. ఇంకొందరు తోకను ఆపి ఉంచుతారు. జర్మన్ ఆదేశాలు మూడు: సాగదియ్యండి, పరుగెత్తండి, వదలండి. గ్లైడరు కొండ అంచు మీదుగా ఉరికి, రింగు దానంతటదే జారిపోతుంది. ఇక్కడ ఎత్తేమీ రాదు. కొండకు ఎదురుగా బలంగా గాలి వీస్తూ, వాలు వెంట పైకి లేస్తుంటేనే ప్రయోజనం.

ప్రశ్న: కారుతో లాగడం?

పొడవైన గట్టి రన్‌వే ఉంటే చాలా బాగుంటుంది. కారు తాడు పొడవుతో పాటు తన పరుగుకూ చోటు కావాలి కాబట్టి కిలోమీటరున్నర పైన ఉంటే మంచిది. చోటు తక్కువైతే అవతలి కొసన కప్పీ పాతి, తాడు దాని చుట్టూ తిప్పి, కారును గ్లైడరు వైపుకే నడుపుతారు. పైలట్ చేయవలసినవన్నీ వించ్‌లో లాంటివే.

ప్రశ్న: సొంత ఇంజను ఉంటే ఈ తాడు బాధలన్నీ లేవు కదా?

తాడు పోతుంది, ఇంజను వస్తుంది. వీపులోంచి లేచే స్తంభం మీద ప్రొపెల్లరు ఉంటుంది, ఎత్తుకు చేరాక చల్లార్చి లోపలికి ముడిచేస్తారు. బ్యాటరీతో నడిచేవీ ఉన్నాయి, అంటారెస్ 20ఇలో 42 కిలోవాట్ల మోటారు ఉంటుంది. ఇంజను ఉన్నంత మాత్రాన ప్రతి గ్లైడరూ తనంతట తను లేవగలదని కాదు. కొన్నింటిలో ఉన్నది గాల్లో ఎత్తు నిలబెట్టుకోవడానికే సరిపోయే చిన్న ఇంజను. కొనేముందు ఈ తేడా చూసుకోవాలి.

లేవగానే ఇంజను ఆగిపోతే, నిలబడి ఉన్న స్తంభం, తిరగని ప్రొపెల్లరు పెద్ద బ్రేకులా పనిచేస్తాయి. ముడిచినప్పుడు ఎంతో దూరం తేలే గ్లైడరు అప్పుడు సగం కూడా తేలదు. పైగా ప్రొపెల్లరు లాగే గీత పైన ఉండటంతో శక్తి పోగానే ముక్కు పైకి లేస్తుంది, వేగం పడిపోతుంది. వెంటనే స్టిక్ ముందుకు తోయాలి. ఇంజను మళ్లీ అంటించే ప్రయత్నంలో తల దించుకుని ఉండిపోయి ఎత్తు పోగొట్టుకోవడం ఇందులో మామూలుగా జరిగే తప్పు. దిగే చోటు ముందు ఎంచుకుని, ఆ తర్వాతే ఇంజను సంగతి.

ప్రశ్న: కొత్తగా నేర్చుకునేవాళ్లకు వించ్ మంచిదా, ఏరోటో మంచిదా?

ల్యాండింగ్ నేర్వాలంటే వించ్. 400 మీటర్లకు పోయి, పైకి లేచే గాలి దొరక్కపోతే ఆరేడు నిమిషాల్లో కిందికి వచ్చేస్తారు, కాబట్టి ఒక రోజులో చాలాసార్లు దిగవచ్చు. స్టాల్, స్పిన్ అభ్యాసాలకూ, పైకి లేచే వేడి గాలి ప్రవాహాలను (థర్మల్స్) వెతకడం నేర్వడానికీ ఎత్తు, సమయం కావాలి, వాటికి ఏరోటో మేలు. ఒకటి వచ్చినవాళ్లకు రెండోది వచ్చినట్టు కాదు. ఏరోటోలో ఎన్ని గంటలు ఎగిరినా, వించ్ మీదికి వచ్చేముందు శిక్షకుడితో కలిసి కేబుల్ తెగిన అభ్యాసాలు మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.